పాత ట్రాక్టర్ల మరమ్మతులో పానాల సవరణ

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప సాగుచేసే చిన్న రైతులు, కౌలు రైతులు అనేకులు నేటికీ పాత ట్రాక్టర్లపైనే ఆధారపడుతున్నారు. తొలకరి పడిన తరువాత రేగడిలో పదును నిలిచేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో ఒక నట్టు అంచులు అరిగి, దానిని విప్పే ప్రయత్నంలో స్టడ్ విరిగితే ఇంజను హెడ్ దించవలసి వస్తుంది. హెడ్ తిరిగి బిగించేసరికి పదును దాటిపోతుంది. ఇటువంటి నష్టాలలో చాలా వాటికి మూలం యంత్రంలో ఉండదు. నట్టుకు సరిపడని పానాలో ఉంటుంది.

పాత ట్రాక్టర్లు కొలతలను బట్టి రెండు కుటుంబాలకు చెందినవి. 1960లో మద్రాసులో స్థాపితమైన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ నమూనాలను, 1963లో మహీంద్రా వారు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి నెలకొల్పిన సంస్థ బి-275ను మన రైతులకు అందించాయి. ఇవి బ్రిటన్‌లో రూపొందిన నమూనాలు. వీటి మరలు అంగుళం కొలతవి. చెకోస్లొవేకియా సహకారంతో 1971లో పింజోరులో ఉత్పత్తి ప్రారంభమైన హెచ్.ఎం.టి. జెటార్ 2511 మాత్రం మిల్లీమీటరు కొలతలది. మనదేశంలో మెట్రిక్ పద్ధతికి చట్టం 1956లోనే వచ్చినప్పటికీ, యంత్రాలు తమ పుట్టినింటి కొలతలతోనే వచ్చాయి. ఒకే వీధిలో ఈ రెండు రకాలూ ఉన్నచోట మెకానిక్కు వద్ద ఉండే 12-13, 14-15, 16-17, 18-19 పానాల సెట్టు జెటార్‌కు అతికినట్లు సరిపోతుంది, మాసీకి సరిపోదు.

తేడా ఎంత అన్నది లెక్క చూస్తేనే తెలుస్తుంది. ముప్పాతిక అంగుళం నట్టు ఎదురెదురు ముఖాల మధ్య 19.05 మి.మీ.; 19 పానా సాధారణంగా పట్టుతుంది. 5/8 అంగుళం అంటే 15.88 మి.మీ.; 16 పానాతో పని జరుగుతుంది. అర అంగుళం నట్టు 12.7 మి.మీ. మాత్రమే, 13 పానా 0.3 మి.మీ. వదులుగా ఉండి, గట్టిగా బిగిసిన నట్టు అంచులను గుండ్రంగా చేస్తుంది. అన్నిటికంటె చిక్కు 9/16 అంగుళం నట్టుతో వస్తుంది. 3/8 అంగుళం బోల్టులపై ఉండే ఈ నట్టు 14.29 మి.మీ.; 14 పానా ఎక్కదు, 15 పానా 0.71 మి.మీ. వదులు. మెకానిక్కులు 15 పానా నోటిలో రంపపు బ్లేడు ముక్కను ఇరికించడం అందుకే. బ్లేడు మందం సుమారు 0.65 మి.మీ. కాబట్టి ఉపాయం లెక్కకు సరిపోతుంది. అయితే వదులుగా ఉన్న నట్టు తీయడానికి తప్ప, బిగింపునకు దానిని నమ్మరాదు.

అంగుళం కొలతల సాకెట్లు, పానాలు బజారులో దొరికినంతవరకు వాటిని కొనడమే మేలు. అవి అందని పరిస్థితిలో, లేదా చేయి చొరని ఇరుకులో మాత్రమే సవరణ అవసరమవుతుంది. సవరించవలసినది పానానే గాని నట్టును కాదు. నట్టును ఆకురాయితో అరగదీసి 14కు తెచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అలా చేసిన నట్టు తరువాత ఏ పానాకూ సరిగా దొరకదు.

సవరణకు ముందు నట్టుపై రంగు, తుప్పు గీకి, మూడు జతల ముఖాలనూ వెర్నియర్‌తో కొలిచి, వాటిలో పెద్ద కొలతను తీసుకోవాలి. పానా నోటిని కూడా కొలవాలి. 14 అని ముద్ర ఉన్న పానా నోరు సరిగ్గా 14 ఉండదు, కొద్దిగా ఎక్కువే ఉంటుంది. 9/16 కోసం దానిని 14.35 నుండి 14.45 మి.మీ. వరకు తెరిస్తే చాలు. క్రోమ్ వనాడియం ఉక్కుపై మామూలు ఆకురాయి సరిగా పట్టదు. సన్నని గ్రైండింగ్ చక్రం గాని, వజ్రపు పొడి పూసిన ఆకురాయి గాని వాడాలి. రెండు దవడలనూ సమానంగా అరగదీసి, అవి సమాంతరంగా ఉన్నాయో లేదో లోపలి నుండి మొదలు వరకు కొలిచి చూడాలి. నోరు బయటివైపు వెడల్పైతే పానా జారుతుంది. కొద్దికొద్దిగా రుద్దుతూ, మధ్యమధ్య చల్లబరచాలి. ఉక్కుపై నీలిరంగు తేలితే వేడి 300 డిగ్రీల సెల్సియస్ దాపులకు చేరినట్లే, అక్కడితో ఆపాలి. పూత పొడి లేచే పని కనుక కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

మానిఫోల్డ్ వెనుక నట్లకు రింగు పానా కాడను వంచవలసి వస్తుంది. దీనికి పాత పానానే ఎంచుకోవాలి. తలకు తడిగుడ్డ చుట్టి, కాడ నడుమ మాత్రమే ఎర్రగా కాల్చి వంచి, గాలిలో చల్లారనివ్వాలి. వంచినచోట ఉక్కు మెత్తబడుతుంది. అతిబలం పడితే విరగడానికి ముందు వంగి హెచ్చరిస్తుంది. ఇటువంటి పానాకు గొట్టం తొడిగి పొడవు పెంచరాదు. పొడవు రెట్టింపైతే నట్టుపై తిప్పుడు బలమూ రెట్టింపవుతుంది. తుప్పు పట్టిన నట్టుకు ముందు రాత్రే డీజిల్ గాని, తుప్పు వదిలించే నూనె గాని పోసి ఉంచడం మేలు.

పోయిన బోల్టు స్థానంలో మరొకటి వేసేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. 3/8 అంగుళం ముతక మర అడుగుదూరం 1.59 మి.మీ.; 10 మి.మీ. మెట్రిక్ బోల్టుది 1.5 మి.మీ. పైగా మెట్రిక్ బోల్టు అర మిల్లీమీటరు లావు. బలవంతంగా తిప్పితే ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. అంతకుమించి తిప్పితే పోత ఇనుములోని మర చెడుతుంది. చేతివేళ్లతో నాలుగు చుట్లు సాఫీగా ఎక్కని బోల్టును పానాతో ఎక్కించరాదు.

సవరించిన పానాపై 14 ముద్రను గీకివేసి 9/16 అని గుర్తు వేసి, ఎర్రరంగు పూసి, ఆ ట్రాక్టరు పెట్టెలోనే ఉంచాలి. లేకుంటే మరుసటి వారం అది జెటార్ నట్టుపైకి చేరుతుంది.