ఎకనామికల్ సంక్షోభం ఉంటుందా?

ప్రశ్న: ఇంగ్లిష్ వ్యాసంలో 'శ్రీలంకాస్ ఎకనామికల్ క్రైసిస్' అని రాస్తే మా సార్ ఎర్రసిరాతో కొట్టేశారు. ఎకనామిక్, ఎకనామికల్ రెండూ ఒకటి కాదా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, ఒంగోలు

జవాబు: కొట్టేయాల్సిందే. 2022లో శ్రీలంకను కుదిపేసింది ఎకనామిక్ క్రైసిస్. ఆర్థిక వ్యవస్థకు సంబంధించినది ఏదైనా ఎకనామిక్: పాలసీ, గ్రోత్, బడ్జెట్‌కు ముందు పార్లమెంటులో పెట్టే సర్వే. ఎకనామికల్ అంటే పొదుపైనది, దుబారా లేనిది. మీరు రాసినట్టే చదివితే పాపం శ్రీలంకకు తక్కువ ఖర్చులో తేలిపోయే సంక్షోభం వచ్చిందనుకోవాలి!

పొదుపు అన్నాను గానీ చవక అనలేదు. పదిహేను లక్షల కారైనా మంచి మైలేజీ ఇస్తే ఎకనామికలే. లక్షకే దొరికిన పాత బండి పెట్రోలు తాగేస్తుంటే కాదు. చవక రకాన్ని చెప్పాలంటే ఎకానమీ అన్న నామవాచకాన్నే ముందు తగిలిస్తారు: విమానంలో ఎకానమీ క్లాస్ అలాంటిదే.

పొదుపు డబ్బులోనే ఉండక్కర్లేదు. 1986లో 'స్పైక్యాచర్' పుస్తకం కేసులో బ్రిటన్ క్యాబినెట్ సెక్రటరీ రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆస్ట్రేలియా కోర్టులో సాక్ష్యమిస్తూ, ఒక ఉత్తరం గురించి 'ఎకనామికల్ విత్ ద ట్రూత్' అన్న మాట వాడారు. అబద్ధం కాదట, నిజాన్ని కాస్త పొదుపుగా వాడటమట! రాజకీయ నాయకులను దెప్పడానికి ఇంగ్లిష్ పత్రికలు ఇప్పటికీ ఆ మాటే అందుకుంటాయి.

ఎకనామిక్‌కు గిట్టుబాటయ్యేది అనే అర్థం కూడా ఉంది. ఎన్నేళ్లు నడిపినా ఖర్చులు రాని రైలు మార్గం అన్‌ఎకనామిక్.

అసలు చిక్కు క్రియావిశేషణంతో. రెండింటికీ ఎకనామికల్లీ ఒక్కటే. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో 10 శాతం రిజర్వేషన్ వచ్చిన ఈడబ్ల్యూఎస్ (ఎకనామికల్లీ వీకర్ సెక్షన్స్)లో ఎకనామికల్లీ అంటే ఆర్థికంగా. 'లివ్ ఎకనామికల్లీ' అంటే పొదుపుగా బతకమని. ఈడబ్ల్యూఎస్ పూర్తి పేరు పదేపదే చదివీ చదివీ మీ కలం ఎకనామికల్ వైపు జారిందేమోనని నా అనుమానం.

ప్రశ్న: క్లాసిక్, క్లాసికల్ కూడా ఇంతేనా?
– గృహిణి, నిజామాబాద్

జవాబు: అంత చిక్కు లేదండీ. తన కోవలో మేటిగా నిలిచిపోయింది క్లాసిక్, ప్రాచీన లేదా శాస్త్రీయ సంప్రదాయానికి చెందింది క్లాసికల్. 1957 నాటి 'మాయాబజార్' క్లాసిక్, కర్ణాటక సంగీతం క్లాసికల్. (విడుదల కాకముందే పోస్టరు మీద క్లాసిక్ అని వేసుకునేవాళ్లకు వ్యాకరణం అడ్డు చెప్పదు!) 2008లో తెలుగుకు వచ్చిన ప్రాచీన భాష హోదాను మాత్రం క్లాసికల్ లాంగ్వేజ్ అనే రాయండి.