బొమ్మ నాణ్యత – బిల్లుమీది మాట

ప్రశ్న: 4కె టెలివిజను అని చెప్పి యాంగోనులోని ఒక దుకాణమువారు నాకు అమ్మినారు. ఇంట బిగించి చూడగా బొమ్మ మసకగా నున్నది. పెట్టెమీద 1920×1080 అని యున్నది. అమ్మిన సరకు వాపసు పుచ్చుకొనబోమనుచున్నారు. నాకేమి దారి?

సమాధానము: మీకు దిక్కైన చట్టము మన తెలుగువారికి క్రొత్తది కాదు. మీ యాంగోను నాడు రంగూనను పేర బ్రిటిషు ఇండియాలో భాగమై యుండగా, కోరంగి రేవు పేరిట ‘కొరంగీ’లని పిలువబడిన మనవారు ఆ నగరపు ఓడరేవులో బరువులు మోయుచున్న దినములలో, 1930లో పుట్టిన సరకుల విక్రయ చట్టమే, 1937 ఏప్రిల్ 1న బర్మా (నేటి మయన్మారు) వేరుపడిన పిమ్మటగూడ అచ్చట నిలిచినది. కాకినాడలో కొన్నవానికెట్టి రక్షణ కలదో యాంగోనులో కొన్నవానికిని మూలమున అట్టి రక్షణయే కలదు.

ఆ చట్టపు 15వ సెక్షను ప్రకారము, ఒక వర్ణనను జెప్పి అమ్మిన సరకు ఆ వర్ణనకు సరిపోవలెను. 4కె తెర యనగా అడ్డముగా 3840, నిలువుగా 2160 చుక్కలు, వెరసి సుమారు 83 లక్షలు. మీకు లభించిన తెరలో నున్నవి అందు నాలుగవ వంతు మాత్రమే. ఇది అభిరుచిభేదము కాదు, లెక్కకు దొరకు లోపము. చెప్పిన వస్తువునే యిచ్చినపుడు “వాపసు లేద”ను మాటకు అర్థము కలదు గాని, వేరొక వస్తువు నిచ్చి ఆ మాట చాటున దాగుట న్యాయము కాదు.

అయితే “బొమ్మ అద్భుతముగా నుండు”నను పొగడ్తను న్యాయస్థానము తూచజాలదు. కావున కొనువాడు పొగడ్తను కొలతగా మార్చుకొనవలెను. వెలుగునీడల తేడాను మరింతగా చూపు హెచ్‌డీఆర్ సంకేతమును స్వీకరించు తెరలలో కొన్ని దానికి తగిన వెలుగు నీయలేవు గనుక, తెర వెలుగు ఎన్ని నిట్లో (నిట్టు వెలుగునకు కొలత) అడుగుడు. ఓఎల్ఈడీ తెరలో ప్రతి చుక్కయు తానే వెలిగి తానే ఆరును గనుక నలుపు నిజముగా నలుపై యుండును. సాధారణపు ఎల్ఈడీ టీవీలో వెలుగు తెర వెనుకనుండి వచ్చును. దుకాణపు ప్రదర్శనచిత్రమును, కన్నులు మిరుమిట్లుగొలుపు అమరికను ఆపించి, ఇంటి అమరికలో మీరు నిత్యము చూచు చానలును పెట్టించి చూడుడు. ఆ చానలు ప్రసారమే తక్కువ స్పష్టతతో వచ్చుచున్నచో, ఆ మసకకు దుకాణదారును నిందించుట ధర్మము కాదు.

16వ సెక్షను మరియొక హక్కు నిచ్చుచున్నది. పగటి వెలుగు నిండిన గదిలో చూచుటకని మీ అవసరమును దెలిపి, అమ్మువాని నేర్పును నమ్మి కొన్నచో, ఆ వస్తువు సమంజసమైన మేరకు ఆ పనికి తగియుండవలెను. కాని కొనుటకు ముందే పరీక్షించినవాడు ఆ పరీక్షలో కానరాదగిన లోపమునకై పిదప నాణ్యత పేరిట వాదింపజాలడు. పరీక్షించుటకు తగిన అవకాశము 41వ సెక్షను వలన మీ హక్కు. తగిన కాలము గడచినను తిరస్కారమును దెలుపక వస్తువు నుంచుకొన్నచో, 42వ సెక్షను ననుసరించి దాని నంగీకరించినట్లే యగును. అప్పుడు నష్టపరిహారము తప్ప వాపసు కోరు హక్కు సాధారణముగా నుండదు.

కావున ఈనాడే లేఖ వ్రాసి తిరస్కారమును దెలిపి, దాని ప్రతి నుంచుకొనుడు. వారు వినకున్నచో బిల్లు, వారంటీ పత్రము, మోడలు సంఖ్య, పెట్టెమీది వ్రాత ఫోటో జతపరచి, మయన్మారు వాణిజ్య మంత్రిత్వశాఖ క్రిందనున్న వినియోగదారుల వ్యవహారాల విభాగమునకు, 2019 వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి ఫిర్యాదు చేయుడు.

ఇక ముందు కొనబోవువారికి ఒక్క మనవి. డబ్బు చేతబట్టుకొని యున్నప్పుడే, “3840×2160” అని బిల్లుమీద వ్రాసి సంతకము చేయుడని దుకాణదారు నడుగుడు. నిజము పలికినవాడు సంతోషముగా వ్రాయును. వ్రాయుటకు వెనుదీయువాని దుకాణమునుండి, మీ సొమ్ము మీ చేతనుండగానే వెలుపలికి రండు.