స్కూలు బస్సులకు జీపీఎస్: ఎలా మొదలుపెట్టాలి?

నాలుగైదు బస్సులున్న బడికి జీపీఎస్ ఏర్పాటు పెద్ద పనేమీ కాదు. కాకపోతే చాలాచోట్ల ముందు పరికరం కొనేసి, తర్వాత స్టాపుల గురించి ఆలోచిస్తారు. చేయాల్సింది దీనికి తలకిందులుగా.

ముందుగా ఒక సంగతి. ఉపగ్రహం మన బస్సును చూడదు. తానెక్కడుందో, సమయమెంతో చెబుతూ సంకేతం పంపుతుందంతే. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే, బస్సులోని పరికరమే తన చోటు లెక్కగట్టుకుంటుంది. ఆ లెక్క పరికరంలోని సిమ్ ద్వారా సర్వరుకు చేరుతుంది. కాబట్టి సెల్ సిగ్నల్ లేని దారిలో జీపీఎస్ బాగానే ఉన్నా తెర మీద బస్సు కదలదు.

మొదటి పని స్టాపుల పటం. డ్రైవరుతో కలిసి రూటంతా తిరగండి. ప్రతి స్టాపులో దిగి, పిల్లలు నిజంగా నిలబడే చోట ఫోనులో గుర్తు పెట్టండి. లొకేషన్ కుదురుకునేదాకా కాసేపు ఆగండి. ఆరుబయట ఫోను అయిదారు మీటర్ల తేడాతో చూపిస్తుంది, మేడల మధ్య తేడా ఇంకా పెరుగుతుంది. అక్షాంశ రేఖాంశాలను దశాంశం తర్వాత అయిదంకెల దాకా రాసుకోండి. మూడంకెలతో ఆపేస్తే స్టాపు యాభై మీటర్లకు పైగా పక్కకు జరగొచ్చు. డివైడరున్న రోడ్డయితే స్టాపు ఏ వైపో తప్పక రాయండి. అది తప్పితే ఓ పిల్లవాడు లారీల మధ్య రోడ్డు దాటాల్సి వస్తుంది. ఆఫీసులో కూర్చుని ఉపగ్రహ చిత్రం మీద చుక్కలు పెట్టడం ఇందుకే వద్దంటాను.

ఇప్పుడు పరికరం. వాహనాల ట్రాకింగ్ పరికరాలకు మన దేశంలో ఉన్న ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం ఆమోదం పొందినదే తీసుకోండి. బస్సు కరెంటు తెగినా కాసేపు పనిచేసే బ్యాటరీ దానిలో ఉంటుంది.

తర్వాత స్టాపు చుట్టూ జియోఫెన్స్, అంటే కనబడని గిరి, గీయాలి. ఎంత పెద్దది? గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సు పది సెకన్లలో సుమారు 110 మీటర్లు సాగిపోతుంది. పరికరం పది సెకన్లకోసారి కబురు పంపేదైతే, 30 మీటర్ల వ్యాసార్థమున్న గిరిని బస్సు ఆగకుండా దాటేసినా నమోదు కాకపోవచ్చు. 75 నుంచి 100 మీటర్లు పెట్టుకోండి. "బస్సు వస్తోంది" అనే మెసేజీకి కిలోమీటరు ముందే మరో గిరి గీయండి.

వారం రోజులు తల్లిదండ్రులకు యాప్ ఇవ్వకుండా నడపండి. ఆయా చేతిరాతతో రాసిన వేళలనూ తెర చూపిన వేళలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కువ తేడా వచ్చిన స్టాపుకు మళ్లీ వెళ్లి కొలవండి. యాప్ తెరిచాక ఎవరి పిల్లల రూటు వారికే కనబడాలి.

చివరగా, బస్సులోని ఎమర్జెన్సీ బటన్ నొక్కి చూడండి. ఆ కబురు ఎవరి ఫోనుకు వెళ్తుందో, వాళ్లు వెంటనే ఏం చేయాలో తేలాకే ఏర్పాటు పూర్తయిందని తల్లిదండ్రులకు చెప్పండి.