ఎనుబదివేలలో ఆటల కంప్యూటరు: మేనల్లునికి లేఖ

 

నీవు పంపిన విడిభాగముల పట్టికను సావధానముగా చదివితిని. మానిటరుతో సహా ఎనుబదివేల రూపాయలకు మించకుండ, ఆటలకు అనువైన కంప్యూటరు నొకదానిని కూర్పించుకొనుటకు మీ నాయనగారు సమ్మతించుట సంతోషము. ఆ లెక్కను నాకొకసారి చూపుమని మీ అమ్మ చెప్పుట నీకు కొంత చిన్నతనముగా తోచి యుండవచ్చును. ఐనను విద్యుత్తు శాఖలో ఉద్యోగము చేసి, విశ్రాంతికాలమున ఈ యంత్రములను విప్పుటయందును బిగించుటయందును వినోదము పొందుచున్నవాడనగుటచే, నాకు తోచినది దాపరికము లేక వ్రాయుచున్నాను. నీ పట్టికలో మొట్టమొదట ఎనిమిది కోర్ల ప్రాసెసరు, దాని వెనుక రంగుదీపముల లిక్విడ్ కూలరు, ఆ వెనుక నాలుగు ప్రక్కల గాజుపలకల క్యాబినెట్టు ఉన్నవి, గ్రాఫిక్స్ కార్డు అడుగున నున్నది, మానిటరునకు మిగిలిన సొమ్ము, భాగములకు విద్యుత్తు నందించు ఎస్.ఎమ్.పి.ఎస్. ఎదుట మాత్రము "ఏదో ఒకటి" అని వ్రాసితివి. ఈ పట్టికను క్రిందినుండి పైకి చదివినచో చాలవరకు సరిపోవును.

ఆటల కంప్యూటరును గూర్చిన ఆలోచన ప్రాసెసరుతో కాక, కంటికెదురుగా నుండు తెరతో ఆరంభము కావలెను. ఏలయనగా, తెరపై నెన్ని బిందువులున్నవో అన్నింటికిని రంగును నిర్ణయించి, సెకనుకు అనేక పర్యాయములు చిత్రమును క్రొత్తగా గీయుటయే ఈ యంత్రము చేయవలసిన ప్రధానకార్యము. 1920 × 1080 తెరపై 20,73,600 బిందువులుండగా, 2560 × 1440 తెరపై 36,86,400 బిందువులున్నవి. ఫోర్-కే యందు ఆ సంఖ్య 82,94,400. అనగా తెర పెరిగిన కొలది గ్రాఫిక్స్ కార్డుపై భారము పెరుగును. భారము పెరిగినచో కార్డు ధర పెరుగును. నీవు మిక్కిలిగా ఆడునవి వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 అని వ్రాసితివి. వీనియందు చిత్రవైభవము కంటె వేగము ప్రధానము. 60 హెర్ట్జ్ తెర ఒక చిత్రమును దాదాపు 16.7 మిల్లీసెకన్ల కొకసారి మార్చగా, 144 హెర్ట్జ్ తెర 7 మిల్లీసెకన్ల లోపుననే మార్చును. ఎదుటివాడు గోడచాటునుండి వెలువడు క్షణమున ఈ వ్యత్యాసము కంటికి స్పష్టముగా తెలియును. కావున 1080 తెరను, 144 హెర్ట్జ్‌కు తగ్గని దానిని, 24 అంగుళముల ఐపీఎస్ రకమును నిశ్చయించుకొనుము. మానిటరు రెండు ప్రాసెసర్ల కాలము బ్రతుకు వస్తువు. దానిని మిగిలిన సొమ్ముతో కొనరాదు.

తెర నిశ్చయమైన పిదప గ్రాఫిక్స్ కార్డు. నీ ఎనుబదివేలలో మూడవ వంతునకు తగ్గకుండ దీనికే కేటాయింపుము. మిగిలిన భాగములన్నియు చేయు పని ఈ కార్డునకు తీరిక లేకుండ చూచుటయే. బలమైన ప్రాసెసరునకు బలహీనమైన కార్డును జతచేయుట కాడికి ఒకవైపు కోడెను, మరొకవైపు దూడను కట్టుట వంటిది. ఈ తరగతిలో నేడు పరిశీలింపదగినవి ఎన్‌విడియా వారి ఆర్‌టీఎక్స్ 5060, ఏఎమ్‌డీ వారి ఆర్‌ఎక్స్ 7600, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, ఇంటెల్ వారి ఆర్క్ బీ580. మొదటి రెంటికిని 8 జీబీ జ్ఞాపకశక్తి మాత్రమే గలదు. 9060 ఎక్స్‌టీ 8 జీబీగాను, 16 జీబీగాను రెండు రూపములలో లభించును. బీ580కి 12 జీబీ గలదు. నీవు చెప్పిన రెండాటలకు 8 జీబీ సమృద్ధిగా చాలును. సైబర్‌పంక్ వంటి కథాప్రధానములైన పెద్ద ఆటలపై నీకు మక్కువ యున్నచో, ఆ 8 జీబీ ఇప్పటికే ఇరుకగుచున్నదని యెరుగుము. 1080 తెరపై గూడ కొన్ని క్రొత్త ఆటలు చిత్రనాణ్యతను అత్యున్నతమున ఉంచినచో అంతకు మించి యడుగుచున్నవి. బీ580 ధరకు మంచి వస్తువే గాని, మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అను సదుపాయమును పనిచేయునట్లు పెట్టనిచో దాని వేగము చాలవరకు నశించును. పాత బోర్డులకు దానిని తగిలింపరాదు.

ఇక్కడ నొక మోసము గలదు, వర్తకుని మోసము కాదు, పేర్ల మోసము. ఒకే పేరుతో రెండు వేరు వస్తువులు అమ్ముట ఈ పరిశ్రమకు చిరకాలముగా అలవాటు. ఆర్‌టీఎక్స్ 3050 అను పేరుతో 8 జీబీది యొకటి, 6 జీబీది యొకటి ఉన్నవి. భేదము జ్ఞాపకశక్తియందే యని తలచుట సహజము, కాని 6 జీబీ కార్డులోని గణనాంగములు సైతము తక్కువ. ప్రాసెసర్లలో రైజెన్ 5 5600 ఒకటి, 5600జీ మరియొకటి. చివరనున్న జీ యను అక్షరము అదనపు గుణమును సూచించునని తోచును. నిజమునకు అందులో గ్రాఫిక్స్ చేర్చుటకై క్యాష్ జ్ఞాపకశక్తిని 32 మెగాబైట్లనుండి 16కు తగ్గించిరి. వేరుగా కార్డు కొనువానికి జీ రకము నష్టమే. అట్లే ఇంటెల్ వారి పేర్ల చివర ఎఫ్ యున్నచో అందులో గ్రాఫిక్స్ అంగము లేదని అర్థము. కార్డు చెడిపోయిన నాడు తెరపై చీకటియే. ధర తగ్గుట వలన ఎఫ్ రకమును కొనుట తప్పుకాదు, తెలిసి కొనవలెను, అంతియే.

పాతకార్డులను గూర్చి అడిగితివి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అను డిజిటల్ నాణెపు వ్యవస్థ తన పద్ధతిని మార్చుకొనుటతో, అంతకుముందు రేయింబవళ్ళు ఆ నాణెములను పుట్టించు లెక్కలు చేయుచుండిన కార్డులు అనేకము అంగడికి వచ్చినవి. వానిలో బాగుగా పనిచేయునవియు లేకపోలేదు. కాని వారంటీ మిగిలియుండి, అసలు బిల్లుతో వచ్చి, నీ కన్నుల యెదుట అరగంట భారముమీద నడచిన కార్డును తప్ప పాతదానిని ముట్టుకొనకుము.

ప్రాసెసరు విషయమున నా తీర్పు సులభము: ఆరు కోర్లు చాలును. రైజెన్ 5 5600గాని, కోర్ ఐ5-12400ఎఫ్ గాని నీ కార్డునకు తగిన జోడు. ఈ రెండును కాలము చెల్లుచున్న సాకెట్లకు చెందినవని నీ మిత్రుడు చెప్పినమాట నిజమే. 5600 కూర్చుండు ఏఎమ్4 అను సాకెట్టు స్థానమున 2022లో ఏఎమ్5 వచ్చినది. దానికి 2027 వరకును, ఆ పైనను క్రొత్త ప్రాసెసర్లను తెత్తుమని ఏఎమ్‌డీ వారు ప్రకటించిరి. అందుచేత ఏఎమ్5 కొనుట దూరదృష్టి యని నేనును ఒప్పుకొందును, ధరలు మామూలుగా నున్నచో. కాని ఏఎమ్5కు డీడీఆర్5 ర్యామ్ తప్ప పనికిరాదు. 2025 చివరి నెలలనుండి కృత్రిమ మేధకై నిర్మింపబడుచున్న డేటా కేంద్రములు మెమరీ చిప్పులను మ్రింగివేయుచుండుటచే ర్యామ్ ధరలు విపరీతముగా పెరిగినవి. డీడీఆర్4 కూడ పెరుగకపోలేదు. ఐనను మీ యింటి పాత కంప్యూటరులోని 8 జీబీ డీడీఆర్4 పలకలు రెండును ఇంకను బాగున్నవని మీ అమ్మ వ్రాసినది గనుక, వానినే వాడుకొని ఏఎమ్4తో సరిపెట్టుకొనుట నీకు యుక్తము. కొన్నేండ్లకు ప్రాసెసరు, బోర్డు, ర్యామ్ ఈ మూడును కలిసి మారును, తెర, ఎస్.ఎమ్.పి.ఎస్., క్యాబినెట్టు, డిస్కు నిలిచియుండును. నీవు కొను వస్తువులను ఈ రెండు వర్గములుగా విభజించి, నిలుచు వర్గమున పిసినితనమును, మారు వర్గమున ఆడంబరమును మానుము.

ఈ ఏఎమ్4కు తగిన మదర్‌బోర్డు బీ550 రకమునకు చెందినదై యుండవలెను. ఏ520 కొంత చౌక. కాని పైన చెప్పిన కార్డులలో 5060, 7600, బీ580 మూడును ఎనిమిది పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారులను మాత్రమే ఉపయోగించునవి యగుటచే, పాత మూడవ తరపు వేగమునకు పరిమితమైన ఏ520 పై కొన్నియెడల కుంటుపడును. 5600 డబ్బాలోనే కంపెనీవారి ఫ్యాను వచ్చును. 65 వాట్ల ప్రాసెసరునకు అది చాలును. నీ లిక్విడ్ కూలరును కొట్టివేయుము. ర్యామ్ పలకలు రెంటిని ప్రాసెసరునుండి లెక్కించి రెండవ, నాలుగవ గాళ్ళలో పెట్టుము. అప్పుడే రెండు దారులును పనిచేయును. పలకపై ముద్రించిన వేగము దానంతట రాదు, బయాస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ అను అమరికను తెరువవలెను. డిస్కు ఒక టెరాబైటు ఎన్‌విఎమ్‌ఈ రకము. పెద్ద ఆటలు ఒక్కొక్కటి వంద గిగాబైట్లకు పైబడుచున్నవి గనుక అందులో సగముతో సరిపెట్టుకొనజాలవు.

ఎస్.ఎమ్.పి.ఎస్. గూర్చి కొంత విస్తరముగా వ్రాయుదును. జీవితమంతయు కరెంటుతో గడపినవాడను, క్షమింపుము. ఏదో ఒకటి యని నీవు వ్రాసిన ఆ పెట్టెయే తక్కిన భాగములన్నిటి ప్రాణములను చేతిలో నుంచుకొనునది. ఊరుపేరు లేని పెట్టెపై 500 వాట్లని ముద్రించుట ఎవరికైనను సాధ్యము. ఆ పెట్టె ప్రక్కనున్న చీటిలో 12 వోల్టుల వరుస యెదుట ఎన్ని వాట్లున్నవో చూడుము, ఏలయనగా ప్రాసెసరును కార్డును ముఖ్యముగా గ్రహించునది ఆ 12 వోల్టుల శక్తియే. 80 ప్లస్ బ్రాంజ్ అను ముద్ర దక్షతను మాత్రమే చెప్పును, అనగా సగము భారమున కనీసము 85 శాతము. గోడనుండి 300 వాట్లు తీసికొని యంత్రమునకు 255 ఇచ్చి, మిగిలిన 45 వేడిగా విడుచునన్నమాట. ఆ ముద్ర మంచి లక్షణమే గాని, లోపలి కెపాసిటర్ల మన్నికకు అది హామీ కాదు. అయిదేండ్ల వారంటీ ఇచ్చు తయారీదారుని ఎన్నుకొనుట అంతకంటె విశ్వసనీయమైన గుర్తు. 5060కి నిర్ణీతశక్తి 145 వాట్లు, నీ ప్రాసెసరు గరిష్ఠముగా గ్రహించునది 76; అన్నియు కలిపినను 300 దాటదు. ఐనను కార్డు క్షణకాలము నిర్ణీతశక్తిని మించి లాగుట గలదు, రేపు ఇంకను పెద్దకార్డు రావచ్చును. అందుచే మంచి 550 వాట్లది కొనుము. 750 అక్కరలేదు.

మీ ఖమ్మములో వేసవిగాలికి కరెంటు పోవుచుండుట నాకు తెలియని సంగతి కాదు. 600 వీఏ యూపీఎస్ అనగా సాధారణముగా 360 వాట్లు. ఆటయు మానిటరును కలిసినపుడు దానికి ఊపిరి సలుపదు. 1000 వీఏ ప్రాంతపుది తీసికొనుము, దానిని ఆట కొనసాగించుటకు కాక, యంత్రమును క్రమముగా ఆపుకొనుటకు వాడుము. చౌక యూపీఎస్‌లు మెట్లు మెట్లుగానున్న తరంగము నిచ్చును. నేటి మంచి ఎస్.ఎమ్.పి.ఎస్.లు కొన్ని దానిని సహింపక ఆగిపోవును. కొనకముందే రెంటిని కలిపి నడిపి చూపుమని అడుగుము. వీనియన్నిటి కంటె ముందు, గోడసాకెట్టులోని మూడవ రంధ్రమునకు నిజముగా ఎర్తింగు ఉన్నదో లేదో ఎలక్ట్రీషియను చేత చూపించుము. క్యాబినెట్టును ముట్టుకొన్నపుడు వ్రేళ్ళు జివ్వుమనుట కంప్యూటరు దోషము కాదు, ఇంటి దోషము.

క్యాబినెట్టునకు గాజు ఒక ప్రక్క ఉన్న తప్పులేదు. ముందుభాగము మాత్రము జల్లెడవలె నుండవలెను. రోహిణీ కార్తెలో గది వేడియే నలుబది డిగ్రీలుండగా, గాలి చొరని గాజుపెట్టెలో కార్డు తన వేగమును తానే తగ్గించుకొనును. ముందు రెండు ఫ్యానులు గాలిని లోనికి పీల్చి, వెనుక నొకటి బయటికి పంపిన చాలును.

సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు వచ్చునపుడు ఒక్కరోజు ముందుగా నాకు తెలుపుము, నేనును వత్తును. మొదటి దుకాణములోనే సర్వమును కొనక, నాలుగింట ధరలు వ్రాయించుకొని రమ్ము. చెప్పిన ధరలో 18 శాతము జీఎస్టీ కలిసినదో లేదో ప్రతిచోట అడుగుము. బిల్లు లేకుండ తగ్గించి యిత్తుమనువారికి నమస్కరించి ముందుకు సాగుము. విండోస్ 10కి ఉచితమైన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది గనుక విండోస్ 11 నే వేసికొనుము, దానిపై వాలరెంట్ ఆడుటకు టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ తెరిచి యుండవలెను. ఈ రెండును బయాస్‌లోని అమరికలే. కూర్పు నీవే చేయుము, నేను ప్రక్కన కూర్చుందును. అంతయు అయిన పిదప మానిటరు తీగను మదర్‌బోర్డునకు గాక కార్డునకే తగిలింపుము, విండోస్‌లో తెరవేగమును 60నుండి 144కు మార్చుము. ఈ రెండు పనులు మరచి నెలల తరబడి ఆడుచు, కార్డు మంచిది కాదని తిట్టుకొనువారు చాలమంది గలరు.

ప్రతి భాగముయొక్క సీరియల్ సంఖ్యను బిల్లుపై వ్రాయించుకొనుము. వారంటీ తీరువరకు డబ్బాలను మీ అమ్మ పారవేయకుండ అటకపై దాచుము.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి,
మామయ్య