బేస్‌మెంట్‌లో రైలు, ఇంటి పద్దులో దాని లెక్క

చెల్లాయిలూ, అక్కయ్యలూ, ఈ నెల రైలు బొమ్మల ఖర్చు గురించి మాట్లాడుకుందాం. పసిపిల్లలు నేలమీద తోసుకునే రైళ్లు కావు. నలభై, యాభై, డెబ్భై ఏళ్ల పెద్దవాళ్లు బేస్‌మెంట్‌లో బల్లలు వేసి, పట్టాలు పరచి, ఊళ్లూ కొండలూ సొరంగాలూ కట్టి నడుపుకునే రైల్వేలు. కెనడాలోని మా విండ్సర్‌లోనే ఉంటున్న ఒక చెల్లెలు ఈమధ్య అడిగింది: "అక్కా, మా ఆయన అరచేయంత ఇంజన్‌కి నాలుగు వందల డాలర్లు పోశారు. లోకంలో ఇది మామూలేనా, లేక నేనే అనవసరంగా కంగారు పడుతున్నానా?"

మామూలే తల్లీ. అయినా నీ కంగారు అనవసరమైనదేం కాదు. ధర తెలియని ఖర్చు ఇంట్లో తిరుగుతుంటే ఎవరికైనా గుండె దడే. ముందు ఆ ధరలేమిటో చూద్దాం.

అసలు ఈ ఊరి గాలిలోనే రైలుంది. నది అడుగున, అవతలి ఒడ్డున అమెరికాలో ఉన్న డెట్రాయిట్‌కి వెళ్లే రైలు సొరంగం 1910లో మొదలైంది. కార్లు పోయే సొరంగం వచ్చింది ఆ తర్వాత ఇరవై ఏళ్లకి. క్యుబెక్ నగరం నుంచి వచ్చే వయా రైల్ సంస్థ మార్గానికి పడమటి కొస మనమే. ఎసెక్స్ టెర్మినల్ రైల్వే అనే చిన్న ప్రైవేటు రైల్వే 1902 నుంచి ఇక్కడి ఫ్యాక్టరీల సరుకు మోస్తోంది. నది ఒడ్డున పార్కులో 5588 నంబరు ఆవిరి ఇంజన్ ఉంది చూడండి, 'స్పిరిట్ ఆఫ్ విండ్సర్' అంటారు. దాని ముందు ఫొటో దిగని పిల్లవాడు ఈ ఊళ్లో ఉండడు. ఇలాంటి ఊళ్లో మగవాళ్లకి రైలు పిచ్చి పట్టిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఇక ధరలు. కెనడా డాలర్లలో, సుమారుగా చెబుతాను. ఎక్కువమంది ఆడేది 'హెచ్ఓ' అనే సైజు, అంటే అసలు రైలులో 87వ వంతు. ఇంజన్, నాలుగు పెట్టెలు, గుండ్రంగా పట్టాలు కలిపిన ఆరంభపు సెట్టు రెండు మూడు వందల్లో వస్తుంది. చాలామంది ఆడవాళ్లు ఇక్కడే మోసపోతారు, "మూడు వందలే కదా, పోనీలే" అని. అది గుమ్మం మాత్రమే. కూతా ఇంజన్ రొదా వినిపించే మంచి డీజిల్ ఇంజన్ మూడున్నర వందల నుంచి ఐదు వందలు. గూడ్సు పెట్టె ఒక్కొక్కటి యాభై, డెబ్భై. ప్రయాణికుల పెట్టె వంద దాటుతుంది. మూడడుగుల పట్టా ముక్క పది, పన్నెండు. పట్టా దారి మార్చే పాయింటు ఒక్కొక్కటి నలభైకి అటూ ఇటూ. ఇత్తడితో చేతిపని ఇంజన్లున్నాయి, వాటికి వెయ్యి పైమాటే. వీటన్నిటి మీద మన ఒంటారియో పన్ను 13 శాతం.

రైళ్లని నడిపే పెట్టె మళ్లీ వేరే. పాతకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ మీట తిప్పితే పట్టాలమీదున్న ఇంజన్లన్నీ ఒక్కసారే కదిలేవి. ఇప్పుడు డీసీసీ అనే పద్ధతి. ప్రతి ఇంజన్ కడుపులో ఒక చిన్న చిప్పు, దానికో నంబరు. పట్టాలగుండా కరెంటుతో పాటు ఆజ్ఞ కూడా వెళ్తుంది: "మూడో నంబరూ, నువ్వు ఆగు, ఏడో నంబరూ, నువ్వు వెనక్కి రా" అని. ఆ నియంత్రణ పెట్టెకి మూడు నాలుగు వందలు. పాత ఇంజన్‌లో శబ్దం చేసే చిప్పు కొత్తగా పెట్టించాలంటే దానికి వంద పైన.

అయితే ఇంటి బడ్జెట్టుని తినేది ఒక్క పెద్ద ఇంజన్ కాదు, ఒక ఖర్చు ఇంకో ఖర్చుని వెంటేసుకు రావడం. అసలు ప్రయాణికుల పెట్టె 85 అడుగులు. హెచ్ఓలో అది దాదాపు అడుగు పొడవు. నాలుగడుగులు బై ఎనిమిదడుగుల ప్లైవుడ్ బల్లమీద పట్టే ఇరుకు మలుపుల్లో అంత పొడుగు పెట్టె పట్టాల బయటికి వేలాడుతూ చూడ్డానికి బాగుండదు, కొన్నిసార్లు పట్టాలు తప్పుతుంది కూడా. కాబట్టి విశాలమైన మలుపు కావాలి. దానికి పెద్ద బల్ల, దానికి ఇంకో గోడ దాకా చోటు. చోటు వచ్చిందంటే అది ఖాళీగా కనిపిస్తుంది, మళ్లీ ఊళ్లూ ఇళ్లూ కొనాలి. బజారుకెళ్లి ఒక్క పెట్టె తెచ్చినవాడు మూడేళ్లలో బేస్‌మెంటంతా ఎలా ఆక్రమించాడా అనుకుంటారే, ఇలాగే.

రెండోది ముందస్తు ఆర్డర్లు. కంపెనీలు ఇప్పుడు ఎన్ని ఆర్డర్లొస్తే దాదాపు అన్నే చేయించి, ఒక విడతతో ఆపేస్తున్నాయి. తయారీ చాలావరకు చైనాలో. ఇవాళ పేరు రాయిస్తే సరుకు ఏడాదికో, రెండేళ్లకో వస్తుంది. రాయించిన రోజున డబ్బు పోదు కాబట్టి ఖర్చు పెట్టినట్టే అనిపించదు. ఒక్క నెలలో మూడు కంపెనీల పెట్టెలు ఒకేసారి గుమ్మంలో దిగాయనుకోండి, ఆ నెల క్రెడిట్ కార్డు బిల్లు చూసి భార్యాభర్తలు మాట్లాడుకోవడం మానేస్తారు. అందుకని నేనేమంటానంటే, ఏయే సరుకుకి పేరు రాయించారో ఆ చీటీ ఫ్రిజ్ మీద ఉండాలి, పిల్లల ఫీజు తారీఖుల పక్కనే.

"నది దాటి డెట్రాయిట్ వైపు కొనుక్కొస్తే చవక కదా" అనే మాట మన ఊళ్లో ప్రతి వస్తువుకీ వినిపిస్తుంది. రోజూ అవతలికి ఉద్యోగానికి వెళ్లే నర్సు చెల్లెళ్లకి తెలిసే ఉంటుంది, ఇరవై నాలుగు గంటల లోపు తిరిగొచ్చేవాళ్లకి పన్ను మినహాయింపు ఏమీ లేదు. అమెరికా డాలరు మారకం, పైన మన పన్ను, వంతెన సుంకం కలుపుకుని అప్పుడు పోల్చండి. వాడిన సరుకైతే సంగతి వేరు. రైలు బొమ్మల సంతల్లో, క్లబ్బు సభ్యుల దగ్గర మంచి ఇంజన్లు సగానికే దొరుకుతాయి.

అవతలి ఒడ్డు మాట వచ్చింది కనుక ఒక కథ చెప్పాలి. లయొనెల్ అనే ప్రసిద్ధ బొమ్మరైళ్ల కంపెనీ న్యూయార్క్‌లో 1900లో పుట్టి, 1970లో డెట్రాయిట్ పక్కన మౌంట్ క్లెమెన్స్‌కి తరలివచ్చింది. 1986లో రిచర్డ్ కూన్ అనే డెట్రాయిట్ వ్యాపారి దాన్ని కొన్నారు. మన కెనడా గాయకుడు నీల్ యంగ్ ఆయనతో కలిసి రైళ్లను దూరం నుంచి నడిపే సాధనాలు తయారు చేశారు. ఎందుకంటే నీల్ యంగ్ కొడుకు బెన్‌కి సెరిబ్రల్ పాల్సీ, చేతులు స్వాధీనంలో ఉండవు. ఆ పిల్లవాడు ఒక పెద్ద మీట నొక్కితే రైలు కదిలేలా, ఆగేలా తండ్రి ఏర్పాటు చేశారు. తర్వాత 1995లో కంపెనీలోనే వాటా కొన్నారు. ఆ తండ్రి ఎంత ఖర్చు పెట్టాడని ఎవరైనా లెక్క అడగగలరా? అడగలేం. డబ్బు ఎంతన్నది ఒక్కటే చూస్తే మనకి సగమే కనిపిస్తుంది. ఎవరితో కలిసి ఆడుతున్నారు, ఇంట్లో ఎవరి ముఖం వెలుగుతోంది అన్నదీ చూడాలి.

అదే కంపెనీ 1957లో ఆడపిల్లల కోసమని గులాబీరంగు ఇంజన్‌తో ఒక రైలు చేసింది. దుకాణాల్లో అమ్ముడుపోలేదు. ఆడపిల్లలకీ నల్లటి నిజమైన ఇంజనే కావాలి మరి! అమ్ముడుపోని ఆ గులాబీ రైలు ఇవాళ సేకరించేవాళ్ల దగ్గర ఖరీదైన వస్తువు. మీ ఇంట్లో కూతురుంటే ఆమెని కిందికి పంపండి, పాయింట్లు ఆమె చేతికివ్వమనండి. సోల్డరింగు, వైరింగు, కొలతలు, లెక్కలు అన్నీ అక్కడే వచ్చేస్తాయి.

చవగ్గా ఆడేవాళ్లూ ఉన్నారు. నేను ఎక్కువ మెచ్చుకునేది వాళ్లనే. మన ఒంటారియో రోడ్ల పక్కన శరదృతువులో పసుపుగా పూసే గోల్డెన్‌రాడ్ మొక్కలుంటాయే, అవి ఎండాక కొమ్మలకి ఆకుపచ్చ పొడి అద్దితే అచ్చం చెట్లు. ఇల్లు కట్టేచోట మిగిలిన ఫోమ్ ముక్కలు కోస్తే కొండలు. పాత న్యూస్‌పేపరు మీద ప్లాస్టర్ పూస్తే గుట్టలు. జల్లెడపట్టి ఆరబెట్టిన మట్టే నేల, వాడేసిన టీపొడి ఎండబెడితే అడవి నేల. అట్టతో ఇళ్లు. ఇలా ఆడే మనిషికి ఏడాదికి రెండు మూడు వందలు చాలు, కానీ సాయంత్రాలన్నీ నిండిపోతాయి. పెట్టెలు విప్పకుండా అల్మారాలో పేర్చేవాడికి వేలు పోతాయి, సాయంత్రాలు మాత్రం ఖాళీగానే ఉంటాయి. మీ ఇంట్లో ఉన్నది వీళ్లలో ఎవరో చూసుకోండి. నాలుగు వందల ఇంజన్ రోజూ తిరుగుతుంటే నాకు బాధ లేదు. సీలు విప్పని నలభై డాలర్ల పెట్టెలు ముప్ఫై ఉంటే అప్పుడు కూర్చోబెట్టి మాట్లాడతాను.

మా ఇంటి సంగతీ చెబుతాను. మా వారిది కాజీపేట, రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన మనిషి. కళ్లు మూసుకుంటే డీజిల్ షెడ్డు వాసన వస్తుందంటారు. ఆయనకి కెనడా రైళ్లు నచ్చినా మనసంతా ఇండియా రైల్వేల డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ మీదే. కష్టం ఏమిటంటే మన దేశపు రైళ్ల బొమ్మలు బజార్లో పెద్దగా దొరకవు. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. 87వ వంతంటే 19 మిల్లీమీటర్ల పైన రావాలి. హెచ్ఓ పట్టాలు పదహారున్నరే. ఆ తేడా ఓర్చుకుని, అమెరికా ఆల్కో కంపెనీ ఇంజన్ చట్రం మీద మన ఇంజన్ తొడుగు చేయించుకుని బిగిస్తారు. డబ్ల్యూడీఎం-2 పుట్టింది ఆల్కో నమూనా నుంచే కదా. మన మీటరుగేజి డీజిళ్లలో కొన్ని మాంట్రియల్‌లో తయారై వచ్చినవే. స్వాతంత్ర్యం వచ్చాక మన మెయిలు బళ్లు లాగిన డబ్ల్యూపీ ఆవిరి ఇంజన్లు కొన్ని మన ఒంటారియో కింగ్‌స్టన్‌లో తయారయ్యాయి. ఇది తెలిసినప్పుడు మా వారికంటే నాకే ఎక్కువ సంతోషం కలిగింది.

నాది రాజమండ్రి. గోదావరి కమాను వంతెన కట్టమని నేనడిగాను. ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించారు: అసలు వంతెనకి 28 కమానులు, ఒక్కొక్కటి 97 మీటర్ల పైన. హెచ్ఓలో ఒక్క కమానే మీటరు దాటుతుంది, మొత్తం కట్టాలంటే 30 మీటర్లకి పైగా చోటు కావాలి. వీధి చివరిదాకా అన్నమాట. రెండు కమానులతో సరిపెట్టుకున్నాం. దసరాకి నా బొమ్మల కొలువు కింది మెట్టు చుట్టూ ఆ వంతెనమీద రైలు తిరుగుతుంది, పక్కన కొండపల్లి బొమ్మలు నిలబడి చూస్తుంటాయి. కొలువు చూడ్డానికొచ్చిన పిల్లలు శనగలు చేతిలో పట్టుకుని అక్కడినుంచి కదలరు.

డబ్బు ఏర్పాటు కూడా చెప్పాలి, మీరడిగింది అదే కదా. ఇంటి ఖర్చులు, ఇండియాకి పంపేది, పిల్లల చదువు పొదుపు పోగా మిగిలినదాంట్లోంచి ఇద్దరికీ సమానంగా ఒక మొత్తం, ఎవరి ఖాతా వాళ్లది. ఆయన రైలు కొన్నా, నేను చీరో, కొలువుకి బొమ్మలో కొన్నా సంజాయిషీ ఉండదు. ఆ మొత్తం దాటాలంటే మాత్రం ఇద్దరం కూర్చోవాలి. "సమానంగా" అన్న మాట మీద ఆగండి చెల్లాయిలూ. ఆయన సరదా అవసరం, నా సరదా దుబారా అని ఏ ఇంట్లోనూ సాగనివ్వకండి. అటునుంచి ఇటూ అంతే. దాచి కొనడం మొదలైతే మాత్రం అది రైలు సమస్య కాదు, మాట్లాడుకోలేకపోవడం. దాన్ని వెంటనే పట్టించుకోవాలి.

మనసుకి కష్టమైనా ఇంకో మాట చెప్పక తప్పదు. ఈ సరదా ఉన్న పెద్దవాళ్లు పోయాక ఆ సామానంతా భార్య నెత్తిన పడుతుంది. ఏది ఇరవై డాలర్లదో, ఏది ఎనిమిది వందలదో ఆమెకి తెలియదు. ఎవరో వచ్చి "మొత్తానికి ఇంతిస్తాను" అంటే ఇచ్చేస్తుంది. నిదానంగా అమ్మినా కొన్న ధరలో సగం రాకపోవడం మామూలే, తెలియక అమ్మితే ఆ సగమూ పోతుంది. పైగా మన ఊళ్లో బేస్‌మెంట్లకి నీటి గండం ఉంది. 2016 సెప్టెంబరులో, మళ్లీ 2017 ఆగస్టులో కురిసిన వానలకి ఈ ప్రాంతంలో వేల బేస్‌మెంట్లు మునిగాయి. మురుగు వెనక్కి తన్ని ఇంట్లోకి వచ్చే నష్టానికి చాలా పాలసీల్లో విడిగా కవరేజీ తీసుకోవాలి. సేకరణ వస్తువులకి పరిమితి ఎంతో కూడా ఏజెంటుని అడిగి రాయించుకోండి. పెట్టెలు నేలమీద పెట్టనివ్వకండి, అడుగు ఎత్తున అరల్లోకి ఎక్కించండి.

ఇద్దరూ కలిసి ఒక జాబితా రాయండి. ప్రతి ఇంజన్‌కీ కంపెనీ, నంబరు, కొన్న ఏడాది, ధర, అసలు అట్టపెట్టె ఉందా లేదా. పెట్టె ఉంటే అమ్మేటప్పుడు ధర పెరుగుతుంది, అందుకే పారేయకండి. ఒక్కొక్కదానికి ఫోన్‌లో ఫొటో. చివర, ఆయన నమ్మే ఇద్దరు స్నేహితుల పేర్లు, ధర చెప్పడంలో మోసం చేయనివాళ్లవి. ఇన్సూరెన్సుకీ అదే కాగితం పనికొస్తుంది. నంబరు సాధారణంగా అట్టపెట్టె చివర చిన్న చీటీ మీద ఉంటుంది. ఆయన చదువుతుంటే మీరు రాయండి, ఒక్కో ఇంజన్ ఎందుకు కొన్నారో కూడా అప్పుడే అడగండి.