ట్రాక్టరు ముందుచక్రపు బేరింగు: అరుగుదల నెరుగు విధము

దమ్ము ముగిసి ట్రాక్టరు గట్టెక్కిన పిమ్మట దాని ముందుచక్రములను పరీక్షించు రైతులు మిక్కిలి తక్కువ. బురదనీరు హబ్బులోనికి చొరకుండ కాపాడునది సన్నని రబ్బరు సీలు మాత్రమే. అది చినిగెనా, ఇసుక గలిసిన నీరు గ్రీజును చెరచి బేరింగును అరుగదీయును.

క్రిందటి సార్వాకు ముందు మా సంఘసభ్యు లొకరు ఎడమచక్రము ఊగుచున్నదని ట్రాక్టరును మాకు చూపిరి. అప్పటికే రెండుమారులు బేరింగులు మార్పించిరట! మేము చక్రము నెత్తి చూడగా బేరింగు బాగుగనే యున్నది. అరిగినది చక్రమును మలుపు నిలువు ఇరుసునకు తొడిగిన బుష్. సొమ్ము వృథాయైనది.

పరీక్షకు జాకీ, గట్టి కొయ్యదిమ్మె, తోడుమనిషి కావలెను. చదునైన నేలపై ఇంజను నాపి, చేతిబ్రేకు వేసి, వెనుకచక్రములకు ముందువెనుకల రాళ్లు పెట్టుడు. ముందు దూలము క్రింద జాకీ నుంచి చక్రము నేల విడుచువరకు లేపి, దిమ్మె నానింపుడు. జాకీని మాత్రమే నమ్మి చేతులు క్రింద పెట్టరాదు.

చక్రమును పైఅంచున నొకచేత, క్రిందిఅంచున నొకచేత పట్టి, పైన నెట్టుచు క్రింద లాగుచు ఊపవలెను. తోడుమనిషి హబ్బు వెనుకభాగమును కనిపెట్టి చూడవలెను. హబ్బు కదలి, అది తిరుగు ఇరుసు కదలకున్న దోషము బేరింగు వద్దనే. ఇరుసు కూడ కదలినచో బుష్ అరిగినది. దూలమంతయు కదలినచో నడిమి పిన్నును చూడవలెను. పైక్రిందుల కదలిక లేక, కుడియెడమల ఊపినప్పుడే కదలినయెడల స్టీరింగు కడ్డీల చివరి కీళ్లను అనుమానింపవలెను.

బేరింగు వద్ద కదలిక యున్నంతమాత్రమున అది అరిగెనని తలపరాదు. నట్టు వదులైనను అట్లే యుండును. పిన్ను తీసి, చక్రమును త్రిప్పుచు నట్టును బిగించి, బిగువు తోచిన పిమ్మట పిన్ను రంధ్రము కుదురునంతవరకు వెనుకకు వదలవలెను. సరియైన కొలత ట్రాక్టరుతో నిచ్చిన పుస్తకములో నుండును. ఇప్పుడు ఒకచేయి ఇరుసుపై నుంచి చక్రమును త్రిప్పి చూడుడు. నున్నగా తిరిగినచో ఖర్చు లేదు. వట్టి తిరుగలివలె గరగరలాడినచో బేరింగు విప్పక తప్పదు.

మనవారు పొరబడున దిచ్చటనే. గరగరను లెక్కింపక నట్టును మరింత బిగింతురు. ఊపు కనబడదు గాని హబ్బు వేడెక్కి, బస్తాల ట్రక్కుతో కాలువగట్టుపై పోవునపుడు చక్రమే ఊడిపోవచ్చును.

విప్పినప్పుడు గ్రీజు పాలవలె తెల్లబడిన నీరు చొచ్చినదని గుర్తు. తళతళలాడు రజను కనబడిన ఉక్కు అరుగుచున్నదని గుర్తు. రోలరులపైనగాని, అవి దొర్లు గిన్నెలోగాని గుంటలు, పెచ్చులు, వేడికి కమిలిన నీలిచాయ యున్నచో రెండింటిని జంటగా మార్చవలెను. పాతగిన్నెలో క్రొత్తరోలరులు నిలువవు. విప్పిన సీలును మరల వాడకుడు. దాని వెల బేరింగు వెలలో కొద్దిపాలు మాత్రమే.