టాపిక్ ఉంది సరే, ప్రశ్న ఏదీ?

పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు వెళ్లే హిస్టరీ విద్యార్థులు తమ రీసెర్చ్ ప్రపోజల్‌లో ఎక్కువ భాగాన్ని ఉపోద్ఘాతానికే ఖర్చు పెట్టేస్తుంటారు. బోర్డు సభ్యులకు తెలిసిన చరిత్రనే వాళ్లకు మళ్లీ చెబుతారు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఎంట్రన్స్‌కు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ 30 శాతంలో మిమ్మల్ని ఏం అడగాలో చాలావరకు మీ ప్రపోజలే నిర్ణయిస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 'తెలంగాణలో గ్రంథాలయోద్యమం: ఒక చారిత్రక పరిశీలన' అని ఒక విద్యార్థి శీర్షిక పెట్టాడనుకోండి. 1901లో హైదరాబాద్‌లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంతో మొదలుపెట్టి, 1948 దాకా వరసగా చెప్పుకుంటూ వస్తాడు. తప్పులేమీ ఉండవు. కానీ కొత్తగా తేల్చాల్సింది కూడా ఏమీ ఉండదు. 'ఒక పరిశీలన', 'సమగ్ర అధ్యయనం' లాంటి తోకలు శీర్షికకు తగిలించారంటే, ప్రశ్న ఇంకా దొరకలేదనే అర్థం.

అదే టాపిక్‌ను ఇలా తిప్పి చూడండి. సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు తెచ్చింది. మరి గ్రంథాలయం పేరిట నలుగురూ కూడితే దాన్ని అధికారులు చదువు వ్యవహారంగా చూశారా, రాజకీయంగా అనుమానించారా? జిల్లాకో తీరుగా వ్యవహరించారా? ఇప్పుడు శీర్షిక దానంతటదే వస్తుంది: 'చదువా, రాజకీయమా? హైదరాబాద్ సంస్థానంలో తెలుగు గ్రంథాలయాలు, ప్రభుత్వ నిఘా, 1921–1930'. 1921 ఆంధ్ర జనసంఘం పుట్టిన ఏడాది, 1930 జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగిన ఏడాది. 'ఇక్కడే ఎందుకు ఆపారు?' అని అడిగితే తడుముకోనక్కర్లేదు.

ప్రశ్న కుదిరాక ఆధారాల సంగతి. నా ఉద్దేశంలో ప్రపోజల్‌ను నిలబెట్టేదీ పడగొట్టేదీ ఈ భాగమే. 'ప్రాథమిక, ద్వితీయ ఆధారాలను ఉపయోగిస్తాను' అన్న వాక్యం వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఏ ఆధారం, ఎక్కడుంది, ఏ భాషలో ఉంది, దాంతో ప్రశ్నలో ఏ ముక్కకు జవాబు వెతుకుతారు అన్నది రాయాలి. గోలకొండ పత్రిక మొదలైంది 1926లో. అంతకు ముందరి ఏళ్లకు ఏం చూస్తారు? 1922లో వచ్చిన నీలగిరి, తెనుగు పత్రికల సంచికలు ఎన్ని దొరుకుతాయో ముందే వాకబు చేసుకోవాలి. ఇక తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళితే ఆ కాలపు ప్రభుత్వ ఫైళ్లు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి. బోర్డు తప్పక అడిగే ప్రశ్న ఇదే: ఉర్దూ చదవగలరా? రాకపోతే దాచిపెట్టకండి. ఎప్పటికల్లా, ఎవరి దగ్గర నేర్చుకుంటారో రాయండి. ఆ ఫైళ్లలో తేదీలు ఫసలీ కాలమానంలో కనిపిస్తాయి. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఆ ఫసలీ ఏడాది మొదలైన క్రీస్తుశకం వస్తుంది. ప్రపోజల్‌లో 1331 ఫసలీ (1921–22) అని రెండూ ఇస్తే, ఈ కాగితాల తీరు మీకు తెలుసని వాళ్లకు అర్థమవుతుంది.

లిటరేచర్ రివ్యూ అంటే పుస్తకాల జాబితా కాదు. ఎవరు ఎంతవరకు చెప్పారు, మీ ప్రశ్న ఎక్కడ మిగిలింది అన్నదే అందులో ఉండాలి. మాడపాటి హనుమంతరావు రాసిన 'తెలంగాణ ఆంధ్రోద్యమము' సంగతే చూడండి. ఆయన ఆ ఉద్యమాన్ని నడిపిన మనిషి. ఆ పుస్తకాన్ని పరిశోధన గ్రంథంగా తీసుకుంటారా, కార్యకర్త సాక్ష్యంగా తీసుకుంటారా? ఈ ఒక్క సంగతి మీద ఒక పేరా రాస్తే, పది పుస్తకాలకు తలా ఒక వాక్యం రాయడం కన్నా నయం. 'హైపోథీసిస్' అన్న శీర్షిక కూడా చాలామందిని తికమక పెడుతుంది. యూనివర్సిటీ అడిగితే, మీ పరిశోధన ప్రశ్నకు మీరు ఊహిస్తున్న జవాబును రెండు వాక్యాల్లో అక్కడ పెట్టండి. అడగకపోతే వదిలేయండి.

ఫార్మాట్ గురించి చెప్పేది తక్కువే. యూనివర్సిటీ నమూనా ఇస్తే అదే పాటించండి. ఇవ్వకపోతే శీర్షిక, ప్రశ్న మొదటి పేజీ సగంలోపే కనబడాలి. ఫుట్‌నోట్లు ఏ పద్ధతిలో మొదలుపెడితే చివరిదాకా అదే పద్ధతి. ఒకచోట రచయిత ఇంటిపేరు ముందు, మరోచోట వెనక పెడితే బోర్డు కన్ను అక్కడే ఆగుతుంది. తెలుగులో టైప్ చేసేవాళ్లు అను ఫాంట్ ఫైల్‌ను అలాగే మెయిల్ చేస్తే అవతలి కంప్యూటర్‌లో పిచ్చి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో టైప్ చేయండి, పీడీఎఫ్ చేసి పంపండి.

చివర్లో టైమ్ టేబుల్. కోర్సు వర్కుతో కలిపి పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. 'మొదటి ఏడాది సమాచార సేకరణ, రెండో ఏడాది విశ్లేషణ, మూడో ఏడాది రచన' అని అందరూ రాసేదే మీరూ రాయకండి. కోర్సు వర్కుతో పాటే ఉర్దూ, ఆ వెంటనే పత్రికలు, లిపి చేతికి వచ్చాక ఆర్కైవ్స్ ఫైళ్లు అని రాయండి. ఫైళ్లు అనుకున్నన్ని దొరక్కపోతే పత్రికల మీదే ఏ అధ్యాయం నిలబడుతుందో కూడా ఒక వాక్యం చేర్చండి.